భుజానికి రెండు రోజులు, మనసుకు ఇరవై ఏడు రోజులు: నా అనుభవం

మార్చి 9న, క్వాలిఫికేషన్ మ్యాచ్‌లో ఇరవై రెండో షాట్ దగ్గర నా చూపుడు వేలు ఆగిపోయింది.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అరవై షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. రైఫిల్ ఎత్తాను, చెంప ఆనించాను, ఊపిరి సగం వదిలాను, నల్ల వృత్తం సైటు మధ్యలోకి వచ్చి నిలబడింది. వేలు కదలలేదు. దించాను. మళ్లీ ఎత్తాను, మళ్లీ దించాను. పదకొండు సార్లు అలా జరిగిందని తర్వాత వీడియో చూసి కోచ్ సార్ లెక్కపెట్టారు. నాకు గుర్తున్నది చేతి తొడుగు లోపల అరచేయి తడిసి ముద్దవడం, పక్క లేన్‌లో ఠక్కు ఠక్కుమని పెల్లెట్లు తగిలే చప్పుడు, అంతే. ఎలాగో అరవై పూర్తి చేశాను. స్కోరు 619.4. నాకు మామూలుగా వచ్చేది 628, 629. పదో వలయం అర మిల్లీమీటరు చుక్కగా ఉండే ఆటలో తొమ్మిది పాయింట్లు పడిపోవడమంటే ఏమిటో ఆడేవారికి చెప్పనక్కరలేదు.

ఆ రోజు నుంచి ఈ నవంబరు వరకు జరిగినదంతా వరుసగా రాస్తున్నాను. నాకు ధైర్యం చెప్పినవారు చాలామందే ఉన్నారు. ఏ తలుపు తట్టాలి, లోపల ఏం అడుగుతారు, ఎన్నాళ్లు ఆగాలి, నేను చెప్పింది ఎవరి చెవిన పడుతుంది అన్నవి చెప్పినవారు మాత్రం ఒక్కరూ లేరు.

నిజానికి కథ మార్చి కంటే ముందే మొదలైంది. అంతకుముందు అక్టోబరులో అంతర్జాతీయ పోటీల్లో నాకు కాంస్యం వచ్చింది. తొమ్మిదేళ్లు దాని కోసమే బతికాను. పతకం మెడలో పడిన రాత్రి హోటల్ గదిలో మంచం మీద కూర్చుంటే లోపల ఏమీ లేదు. సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. అలసట అనుకున్నాను. నవంబరు వచ్చేసరికి రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. ఆ తర్వాత నిద్ర లేదు. 2008లో బీజింగ్‌లో పురుషుల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, ఆ గెలుపు తర్వాత తనను కమ్ముకున్న శూన్యం గురించి బాహాటంగా మాట్లాడారు. రైఫిల్ పట్టినవారందరికీ తెలిసిన సంగతే, నేనూ విన్నాను. విని, ఆయనది ఒలింపిక్ స్వర్ణం, నాది ఒక కాంస్యం, ఇంత చిన్న పతకానికి కుంగిపోయే హక్కు నాకెక్కడిది అనుకున్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అప్పటికి రెండేళ్లుగా వారానికోసారి మా జట్టు స్పోర్ట్స్ సైకాలజిస్ట్‌ను కలుస్తూనే ఉన్నాను. మంచి మనిషి. ఊపిరి లెక్క, షాట్‌కు ముందు చేసే క్రమం, ఫైనల్‌ను కళ్లు మూసుకుని ఊహించుకోవడం, ఇవన్నీ ఆయన నేర్పినవే, ఈనాటికీ వాడుతున్నాను. కానీ ఆయన పని నా షాట్. రాత్రి నిద్ర పడుతోందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను చెప్పింది కోచ్ సార్‌కు వెళ్లే నివేదికలో ఉంటుందని నాకు తెలుసు. మానసిక నిపుణుడు ఉన్నాడు కదా, ఇంకేం కావాలి అని నేనూ అనుకున్నాను, జట్టూ అనుకుంది. ఆట మెరుగుపరిచే నిపుణుడు వేరు, జబ్బుకు చికిత్స చేసే నిపుణుడు వేరు అని తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

డిసెంబరులో ఒకసారి ఎవరికీ చెప్పకుండా బయట ఒక క్లినిక్‌కు వెళ్లాను. గుండె దడ, చేతులు చల్లబడటం, ఇంతవరకే చెప్పాను. నేనేం చేస్తానో ఆ డాక్టర్ అడగలేదు, నేనూ చెప్పలేదు. ప్రొప్రనొలాల్ రాసిచ్చారు. దడకు మామూలుగా ఇచ్చే మందే. గదికి వచ్చాక అట్ట మీద పేరు చదివితే ఎక్కడో చూసినట్టు అనిపించింది. నిషిద్ధ మందుల జాబితా తెరిచాను. బీటా బ్లాకర్. షూటింగ్‌లోనూ విలువిద్యలోనూ ఈ మందులు పోటీ రోజునే కాక ఏడాది పొడవునా నిషిద్ధం, ఎందుకంటే గుండె వేగాన్ని తగ్గించి చేతిని నిలబెడతాయి. మాత్రల అట్ట ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్కటి మింగి ఉంటే, ఆ వారంలోనే పరీక్షకు వచ్చి ఉంటే, తొమ్మిదేళ్లూ పోయేవి. ఆ రాత్రి మాత్రలు పారేశాను. వాటితోపాటు డాక్టర్ దగ్గరికి వెళ్లాలన్న ఆలోచనను కూడా పారేశాను. మనసుకు మందు అంటే డోపింగే అని తేల్చేసుకున్నాను. మూడు నెలలు ఆ అపోహకే బలైపోయాయి. మీరు క్రీడాకారులైతే ఏ డాక్టర్ దగ్గర కూర్చున్నా మొదట మీ ఆట పేరు చెప్పండి, తర్వాతే బాధ చెప్పండి.

మార్చి 10న కోచ్ సార్ అడిగారు, "భుజం పట్టేసిందా?" అని. అవునన్నాను. అబద్ధం. మార్చి 12న స్కానింగ్ అయిపోయింది. ఫోను చేసిన రెండు రోజుల్లో. బీమా, రవాణా, రిపోర్టు అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. భుజంలో ఏమీ లేదు. అయినా పది రోజులు ఫిజియో బల్ల మీద పడుకున్నాను.

మార్చి 22న బోర్లా పడుకుని ఉన్నాను. ఆ బల్లకు ముఖం పెట్టుకునే చోట గుండ్రటి రంధ్రం ఉంటుంది, అందులోంచి నేల మాత్రమే కనిపిస్తుంది. ఫిజియో అక్క భుజం నొక్కుతూ, "ఇక్కడ కండరం మెత్తగానే ఉంది. నీకు నొప్పి ఇక్కడ లేదు కదా?" అంది. నేనేమీ అనలేదు. కింద నేల మీద ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. అవి నా కన్నీళ్లని నాకు తెలియడానికి కొంతసేపు పట్టింది. ఆమె చేతులు ఆపలేదు, ఏమైందని అడగలేదు. చివర్లో తువ్వాలు ఇచ్చి, "జట్టు డాక్టర్ గారికి నేను ఫోను చేయనా, నువ్వు చేస్తావా?" అని మాత్రం అడిగింది. "నువ్వే చెయ్యి అక్కా" అన్నాను. ఈ ప్రయాణమంతటిలో నేను చేసిన అతి కష్టమైన పని ఆ మూడు మాటలు అనడమే.

మార్చి 24న డాక్టర్ గారు తలుపు వేసి ఒక ఫారం ఇచ్చారు. క్రీడాకారుల మానసిక ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు తయారుచేసినది. మొదటి భాగంలో పది ప్రశ్నలే. తోటి ఆటగాళ్ల మధ్య ఉండటం కష్టంగా ఉందా, సెలక్షన్ ఒత్తిడిని తట్టుకోలేకపోతున్నావా, ఆట ముగిశాక బతుకు ఏమిటన్న దిగులు ఉందా, ఇలాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు. మొత్తం పదిహేడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రెండో భాగానికి వెళ్లాలి.

ఆ ఫారాన్ని నేను అంతకుముందే నింపాను. సీజన్ మొదట్లో అందరినీ ఒకే హాలులో కూర్చోబెట్టి, పేరు రాయించి, సహాయక సిబ్బందితో వసూలు చేయించారు. నా ఎడమ పక్కన కూర్చున్న అమ్మాయికి నా కాగితం కనబడుతోంది. పదింటికీ ‘ఎప్పుడూ లేదు’ అని ఒకటే వేశాను. పది ప్రశ్నలకు పది మార్కులు. అంతకంటే తక్కువ రాదు. అలాంటి కాగితం చూసి ఎవరికైనా అనుమానం రావాలి, రాలేదు. ఫారంలో లోపం లేదు. దాన్ని నింపించిన తీరులో ఉంది.

ఈసారి గదిలో నేనూ డాక్టర్ గారూ మాత్రమే. మొత్తం 31 వచ్చింది. తర్వాత ఇంకో ఆరు చిన్న ఫారాలు: ఆందోళన, డిప్రెషన్, నిద్ర, మద్యం, మాదకద్రవ్యాలు, తిండి అలవాట్లు. డిప్రెషన్‌లో 27కి 17, ఆందోళనలో 21కి 14. డిప్రెషన్ ఫారంలో తొమ్మిదో ప్రశ్న, బతికి ఉండటం కంటే లేకపోవడమే మేలనే ఆలోచనలు వస్తున్నాయా అని. ‘కొన్ని రోజులు’ అన్న గడిలో గీత పెట్టాను. ఆ సంగతి అప్పటిదాకా నాకు నేనే చెప్పుకోలేదు. డాక్టర్ గారు కలం కింద పెట్టి, కుర్చీ నా పక్కకు జరుపుకుని, మామూలు గొంతుతో దాని గురించే అడిగారు. ఎప్పుడెప్పుడు వస్తున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి, ఏదైనా చేసుకోవాలని అనిపించిందా. బెంబేలు పడలేదు, హితబోధ చేయలేదు. అలా సూటిగా అడిగితే భయమేస్తుందనుకునేదాన్ని. నాకు గుండెల మీద బరువు దిగినట్టయింది.

ఆ ఒక్క గీత వల్ల, మందులు రాసే మానసిక వైద్యుడైన సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ నాలుగు రోజుల్లో దొరికింది. మాటల ద్వారా చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్ కోసం మాత్రం వరుసలో పేరు రాసుకున్నారు. అన్ని ఆటలకూ కలిపి ఒక్కరే ఉన్నారు. ఏప్రిల్ 20 అన్నారు. ఇరవై ఏడు రోజులు. స్కానింగ్ గుర్తుకొచ్చింది.

మార్చి 28న సైకియాట్రిస్ట్ గారి గది బయట కూర్చున్నప్పుడు నన్ను బాగా తొలిచిన జ్ఞాపకం ఒకటుంది. 2021 జులై 27న టోక్యోలో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. గాలిలో ఉండగా తన శరీరం ఎటు తిరుగుతోందో తనకే తెలియని స్థితి వచ్చిందని చెప్పింది. మేము హాస్టల్‌లో టీవీ చూస్తున్నాం. "అంత దూరం వెళ్లి మధ్యలో వదిలేయడం ఏమిటి" అని ఒకరన్నారు. "నిజమే" అన్నాను నేను. ఆ మాట నేనన్నదే. మెడ విరిగే ఆటలో ఆమె ఆగింది. పారిస్‌లో 2024లో మూడు స్వర్ణాలు గెలుచుకుంది. ఆ కుర్చీలో కూర్చుని, నా గురించి కూడా రేపు ఎవరో టీవీ ముందు అదే మాట అంటారని అనుకున్నాను. సిగ్గూ భయమూ ఒకేసారి కలిగాయి.

సైకియాట్రిస్ట్ గారితో డెబ్బై నిమిషాలు గడిచాయి. నిద్ర, ఆకలి, నెలసరి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా. తర్వాత ఒక ప్రశ్న: "రాత్రిపూట మీ రైఫిల్ ఎక్కడ ఉంటుంది?"

నా గదిలోనే, మంచం పక్కన పెట్టెలో ఉంటుందని చెప్పాను. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్నను ఆ అర్థంలో ఎవరూ అడగలేదు. కొన్నాళ్లు అది మా శిక్షణ కేంద్రం స్టోరులో, తాళం వేరొకరి దగ్గర ఉండాలన్నారు. కారణం ఎవరికీ తెలియకూడదని నేను బతిమాలాను. జట్టు డాక్టర్ గారు పరికరాల తనిఖీ పేరుతో నాతోపాటు ఇంకో ముగ్గురి రైఫిళ్లు కూడా స్టోరుకు చేర్పించారు. నా పరువు అలా కాపాడినందుకు ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను. అదే రోజు ఒక అట్టముక్క మీద, మనసు బాగా కుంగినప్పుడు కనబడే గుర్తులు, అప్పుడు నేను చేయగలిగినవి, ఫోను చేయవలసిన ముగ్గురి పేర్లు, అత్యవసర నంబరు రాయించారు. అది ఇప్పటికీ నా ఫోను కవరులో ఉంది.

మందు విషయంలో నా భయం చెప్పగానే సైకియాట్రిస్ట్ గారు ఆ ఏడాది నిషిద్ధ జాబితాను కంప్యూటర్‌లో తెరిచి, తెర నా వైపు తిప్పారు. నాకు రాయబోయే డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ ఆ జాబితాలో లేదు. ఏకాగ్రత లోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందైతే పోటీల్లో నిషిద్ధం కాబట్టి ముందే చికిత్సా మినహాయింపుకు దరఖాస్తు చేయాల్సి వచ్చేదన్నారు. నాకు ఆ అవసరం రాలేదు. ఒక వారం 25 మిల్లీగ్రాములు, తర్వాత 50. థైరాయిడ్, ఇనుము, డి విటమిన్ పరీక్షలు కూడా రాశారు. ఇనుము బాగా తక్కువగా ఉందని తేలింది, దానికీ మాత్రలు మొదలయ్యాయి. పాఠ్యపుస్తకాల్లో ఉండేలా ‘మనసు ఒక వైపు, ఒళ్లు ఒక వైపు’ అని విడివిడిగా ఏమీ ఉండదని అప్పుడు తెలిసింది.

మొదటి రెండు వారాలు ఎలా ఉంటాయో ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది, కాబట్టి నేను చెబుతున్నాను. కడుపులో తిప్పడం. ఆగకుండా ఆవులింతలు. ఆందోళన తగ్గకపోగా కాస్త పెరిగింది. ఐదో రోజున వేళ్లలో సన్నటి వణుకు కనిపించింది. గురి కదలికను తెర మీద గీతగా చూపించే యంత్రం ఒకటి మా దగ్గర ఉంటుంది. స్టోరు రైఫిల్‌తో పెల్లెట్ లేకుండా నిలబడ్డాను. మామూలుగా పదో వలయం మీద చిన్న ముడిలా ఉండే నా గీత, తొమ్మిదిలోకి, ఎనిమిదిలోకి పిచ్చిగా పాకింది. ఆ తెర చూసి నా చేతులే నావి కావనిపించింది. రాత్రి పదింటికి సైకియాట్రిస్ట్ గారికి ఫోను చేశాను. చాలామందిలో రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే మందు మార్చే దారులున్నాయి, మీ అంతట మీరు ఆపేయవద్దు అన్నారు. పదహారో రోజుకు వణుకు తగ్గింది. పంతొమ్మిదో రోజున కళ్లు తెరిచి చూస్తే గడియారంలో 5:40. మూడింటికి మెలకువ రాలేదు! కిటికీలోంచి వెలుతురు వస్తోంది. నేను మంచం మీద లేచి కూర్చుని ఆ వెలుతురు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

సైకాలజిస్ట్ కోసం ఎదురుచూసిన ఆ ఇరవై ఏడు రోజుల్లో నన్ను నిలబెట్టినది, ప్రతి గురువారం జట్టు డాక్టర్ గారు చేసిన ఐదు నిమిషాల ఫోను.

ఏప్రిల్ 20న సైకాలజిస్ట్ మేడమ్ మాట మొదలుపెట్టక ముందే ఒక కాగితం ముందు పెట్టారు. ఏది ఎవరికి తెలుస్తుందో అందులో ఉంది. జట్టు డాక్టర్‌కు: శిక్షణకు తగిన స్థితిలో ఉన్నానా లేదా అన్నంతవరకే. కోచ్‌కు: నేను అనుమతిస్తే తప్ప ఏమీ లేదు. సెలక్షన్ కమిటీకి: ఏమీ లేదు. నా ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే మాత్రం గోప్యత పక్కన పెడతారు. అదే ప్రశ్న నాలుగు సార్లు నాలుగు రకాలుగా అడిగాను. నాలుగు సార్లూ అదే ఓపికతో చెప్పారు. ఒక్క చిక్కు ఏమిటంటే, ఆమె గది ఫిజియో విభాగం ఉన్న వరండాలోనే ఉంది, తలుపుకు అద్దం. ఎవరు లోపలికి వెళ్లారో దారినపోయే ప్రతివారికీ తెలుస్తుంది. కాగితం మీద అంత జాగ్రత్తపడి, తలుపు దగ్గర మరిచిపోయారు. నేను రాత్రి ఏడింటి సమయం అడిగి తీసుకున్నాను. అడిగితే ఇస్తారని తెలియక మానేసినవారు ఎందరో.

మొదటి రెండు సెషన్లలో ఆమె షూటింగ్ ఊసే ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది, జూన్‌లో సెలక్షన్ పెట్టుకుని ఇదేమిటని. గంట గంటకూ నేనేం చేశానో, అప్పుడు మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది దాకా అంకె వేసి రాయమన్నారు. వారం తిరిగేసరికి కాగితం మీద కనబడింది: రోజుకు దాదాపు నాలుగు గంటలు పాత మ్యాచ్ ఫలితాలు చదువుతున్నాను. నా పోటీదారుల్లో పద్నాలుగు మంది స్కోర్లు నాకు కంఠస్థం. ఆ గంటలన్నిటి పక్కనా ఒకటో రెండో అంకె. తమ్ముడితో ఫోనులో మాట్లాడిన పావుగంట పక్కన ఆరు. వైద్యం అక్కడినుంచి మొదలైంది. ఆ నాలుగు గంటల్లోంచి రోజుకు అరగంట తీసి వేరే దానికి ఇవ్వడం. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. మొదటి వారం నాకు అరవై షాట్ల మ్యాచ్ కంటే కష్టమనిపించింది.

కోచ్ సార్‌కు ఏప్రిల్ 26న నేనే చెప్పాను. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో మేడమ్‌తో కలిసి ముందే రాసుకున్నాను. రేంజ్ ఖాళీ అయ్యాక, లైట్లు సగం ఆర్పాక చెప్పాను. ఆయన చాలాసేపు టార్గెట్ల వైపు చూస్తూ ఉండిపోయారు. "నాతో చెప్పడానికి ఐదు నెలలు పట్టిందా తల్లీ?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. మరుక్షణమే, "జూన్ జాబితా సంగతి ఏం చేద్దాం?" అని కూడా అన్నారు. ఆ రెండో మాటకు నాకు చాలా రోజులు బాధ కలిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన దగ్గర నా కోసం ఉన్నవి ఆ రెండే భాషలు. ఒకటి ప్రేమది, ఒకటి జాబితాది. రెండూ ఒకేసారి మాట్లాడారు.

మే 3 నుంచి 24 దాకా ఇంటికి వెళ్లాను. అమ్మ ఏమీ అడగలేదు, కానీ రోజూ రాత్రి "ఈ మాత్రలు ఎన్నాళ్లు అమ్మా?" అనేది. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు అని డాక్టర్ చెప్పారని రోజూ చెప్పేదాన్ని.

అక్కడే అనుకోని దెబ్బ తగిలింది. డోపింగ్ పరీక్షల జాబితాలో ఉన్నవారం ప్రతిరోజూ ఒక అరవై నిమిషాలు ఎక్కడ ఉంటామో ముందుగా రాసిపెట్టాలి. ఆ గంటలో అధికారి వస్తే అక్కడ ఉండి తీరాలి. పన్నెండు నెలల్లో మూడు సార్లు తప్పితే మందు వాడకపోయినా ఉల్లంఘన కిందకు వస్తుంది. చిరునామా మార్చాను కానీ, గంట మాత్రం పాత ఉదయం ఆరింటిదే ఉంచేశాను. నవంబరు నుంచి మూడింటికే లేచేదాన్ని కాబట్టి ఆ గంట నాకెప్పుడూ సమస్య కాలేదు. మే 9న, ఎన్నో నెలల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాను. ఇంట్లోవారు ఊళ్లో లేరు. కాలింగ్ బెల్ మోగిందట, తలుపు కొట్టారట. నాకు తెలియలేదు. ఒక తప్పిపోయిన పరీక్ష నా పేరున నమోదైంది. వివరణ రాశాను, డాక్టర్ లేఖ జతచేశాను. నమోదు అలాగే ఉండిపోయింది. నిద్ర పట్టడం నా మందు పని చేస్తోందనడానికి గుర్తు, అదే నా ఖాతాలో తప్పు. వెంటనే గంటను రాత్రి తొమ్మిదికి మార్చుకున్నాను. చికిత్స మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ఈ పని మొదటి రోజే చేయాలి.

డబ్బు సంగతి. స్కానింగ్, ఫిజియో అంతా బీమాలో పోయింది. సైకాలజిస్ట్ ఎనిమిది సెషన్లు శిక్షణ కేంద్రం భరించింది, తొమ్మిదో దాని నుంచి నేనే. సైకియాట్రిస్ట్ బయటివారు కాబట్టి మొదటినుంచీ నేనే. నెలనెలా వచ్చే భత్యంలో ఆరో వంతు దీనికే పోయేది. అదీ చాలదన్నట్టు, రెండు పోటీలకు వెళ్లలేదని భత్యం సగానికి కోశారు. సెలవు దరఖాస్తులో కారణం రాసే చోట ‘గాయం: శరీర భాగం’ అని ఒకే గడి ఉంది. నేను ఖాళీగా వదిలేశాను. ఖాళీగా ఉంటే వ్యక్తిగత సెలవు కింద లెక్కట. సవరించమని ఉత్తరం పెట్టాను, గుర్తుచేశాను, మళ్లీ రాశాను. అనారోగ్యంగా ఒప్పుకుని బకాయి ఇవ్వడానికి పదకొండు వారాలు పట్టింది. లేవడమే కష్టంగా ఉన్న మనిషిచేత ఉత్తరాలు రాయించడం అన్యాయం. ఇది ఎవరైనా మార్చాలి. ఆ గడి పక్కన ఇంకో గడి గీస్తే చాలు.

జూన్ సెలక్షన్‌కు వెళ్లలేదు. జాబితా వచ్చిన రోజు ఏడ్చాను. అది బాధ, జబ్బు కాదు అని మేడమ్ అన్నారు. ఆ తేడా నాకూ తెలిసింది. మర్నాడు ఉదయం లేవగలిగాను.

రేంజ్‌లోకి తిరిగి వచ్చింది జూన్ మూడో వారంలో. సైకియాట్రిస్ట్ గారి అనుమతితో స్టోరు తాళం తీశారు. జాకెట్ తొడిగితే గుండీలు అందలేదు. మూడు కిలోలు పెరిగాను. మందువల్లో, తిండి సరిగ్గా తింటున్నందువల్లో. షూటింగ్ జాకెట్ ఒంటి కొలతకు సరిగ్గా కుట్టించుకునేది, దాని బిగువు మీదే నిలకడ ఆధారపడుతుంది. గుండీలు జరిపించి, పరికరాల తనిఖీలో మళ్లీ చూపించుకోవాల్సి వచ్చింది. అద్దం ముందు నిలబడి ఆ కొత్త కుట్ల మీద వేలు పెట్టి తడుముకున్నాను.

మొదటి మూడు వారాలు టార్గెట్ లేదు. ఎదురుగా తెల్ల కాగితం. వలయాలు లేవు, స్కోరు లేదు. ఎత్తడం, నిలవడం, వదలడం. స్పోర్ట్స్ సైకాలజిస్ట్ సార్, క్లినికల్ మేడమ్ ఇద్దరూ నా అనుమతితో ఒకసారి మాట్లాడుకుని ఇది నిర్ణయించారు. ఆ సమయంలోనే మేడమ్ అడిగారు, మార్చి 9న పదకొండు సార్లు దించావు కదా, మీ ఆటలో దించడం తప్పా అని. తప్పు కాదు. షాట్ సరిగ్గా లేదనిపిస్తే దించడం మాకు నేర్పే మొదటి క్రమశిక్షణ. ఆ పదకొండు సార్లనూ నేను మూడు నెలలకు పైగా నా పతనంగా మోస్తున్నాను. ఆమె అడిగాక అనిపించింది, ఆ రోజు నా చేతులు నాకంటే ముందే తెలుసుకుని దించేశాయేమో.

ఆగస్టు 17న ఒక చిన్న పోటీలో నిలబడ్డాను. ఇరవై రెండో షాట్ వస్తుందని ఇరవయ్యో దాని నుంచే తెలుస్తోంది. ఎత్తాను. గుండె చప్పుడు భుజానికి ఆనించిన రైఫిల్ బట్‌లో వినబడింది. దించాను. నీళ్లు తాగాను. మళ్లీ ఎత్తాను. 10.2. మొత్తం 626.8, పద్నాలుగో స్థానం. ఫైనల్‌కు ఎనిమిది మందే. వెనక్కి తిరిగితే ఫిజియో అక్క కుర్చీలో కూర్చుని ఉంది, బొటనవేలు ఎత్తలేదు, చప్పట్లు కొట్టలేదు, నా నీళ్ల సీసా మూత బిగించి సంచిలో పెట్టింది.

ఇప్పుడు 50 మిల్లీగ్రాములే కొనసాగుతోంది. సెషన్లు పదిహేను రోజులకోసారి. మొన్న సెప్టెంబరులో ఒక వారం మళ్లీ మూడింటికి మెలకువ వచ్చింది, అట్టముక్క తీసి చదువుకుని, అందులో మొదటి పేరుకు ఫోను చేశాను.

నవంబరు 4న కొత్త సీజన్ ఫారాలు వచ్చాయి. మళ్లీ అదే హాలు, అవే కుర్చీలు. నేను లేచి, విడిగా గదిలో నింపుతానని అడిగాను. సరేనన్నారు. నా వెనకే ఇద్దరు జూనియర్లు కూడా కాగితాలు పట్టుకుని లేచారు. పది ప్రశ్నలు నిజాయితీగా రాశాను. ఆట ముగిశాక బతుకు ఏమిటన్న దానికి నాలుగు వేశాను, ఎందుకంటే అది నిజం. మొత్తం 19 వచ్చింది. పదిహేడు దాటింది. చెరిపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కవరులో పెట్టి అంటించి ఇచ్చేశాను. మర్నాడు ఉదయం 9:20కి జట్టు డాక్టర్ గారి నుంచి ఫోను వచ్చింది.